గుర్రం గడి

నా దగ్గర చదరంగం నేర్పించమని పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు మొదటిరోజే అడిగే ప్రశ్న ఒకటుంది. "మావాడు ఎప్పటికి గ్రాండ్‌మాస్టర్ అవుతాడండీ?" వాడికి ఇంకా ఏనుగు ఎటు నడుస్తుందో తెలీదు, ముక్కు తుడుచుకోవడం కూడా సరిగ్గా రాదు, వీళ్లకి మాత్రం అప్పుడే బిరుదు కావాలి. నాకు ఒళ్లు మండుతుంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, "మరి మీరెందుకు అవలేదండీ?" అని కూడా అడుగుతారు. నేను అవలేదండీ, కానీ ఒకాయన్ని దగ్గర్నుంచి చూశాను, ఒకే సాయంత్రం ఆయన మా నాన్నని రెండుసార్లు ఓడించాడు, అంటాను. ఇదేదో దాటవేత అనుకుని వాళ్లు నవ్వేసి ఊరుకుంటారు. దాటవేత కాదు. నేను ఈ ఆటలో ఉన్నానంటే ఆ రెండు ఓటముల వల్లే.

మేం మల్కాపురంలో ఉండేవాళ్లం. నాన్న పోర్టులో క్రేన్ డ్రైవరు. తాతది తగరపువలస పక్కన పల్లెటూరు. ఆయన ఉన్న కాస్త పొలం పెద్దకొడుక్కి, చదరంగం చిన్నకొడుక్కి ఇచ్చాడని అమ్మ దెప్పుతూ ఉండేది. అవి ఏటికొప్పాక లక్క పావులు. సగం ఎరుపు, సగం పసుపు. పసుపు గుర్రాల్లో ఒకదానికి ఎప్పుడో మెడ విరిగితే నాన్న అతికించాడు గానీ కాస్త వంకరగా అతికించాడు. అది ఆట వైపు కాకుండా అమ్మ పొయ్యి వైపు చూస్తూ ఉండేది. పలక మటుకు నాన్నే చేసుకున్నాడు, ఓడలో సామాను దిగిన చెక్కపెట్టె మూత మీద రంగుతో గళ్లు గీసి.

నాన్న మొదటి షిఫ్టు దిగి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. ఒంటినిండా ఇనప ఖనిజం దుమ్ము. స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని, గుమ్మంలో చాప వేసి పావులు పేర్చేవాడు. నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన ఎర్ర పావుల వెనక కూర్చుని నా కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు. రిఫైనరీ వైపు నుంచి గాలి వీస్తే నూనె వాసన, చేపల బుట్టలు వెళ్తే ఆ వాసన, అవేవీ మాకు పట్టేవి కావు.

"సెవుల్లో దుమ్ము అలాగే ఉండిపోనాది. ముందది కడుక్కోండి, రాజులూ రాజ్యాలూ తరవాత ఏలుదురుగాని," అనేది అమ్మ.

"ఈ ఎత్తు అయిపోనీ," అనేవాడు నాన్న. ఆయన ఎత్తు ఎప్పటికీ అయ్యేది కాదు.

ఆయన నాకు నేర్పింది తాత నేర్పిన ఆట. అందులో బంటు ఎప్పుడైనా ఒక్క గడే నడుస్తుంది, మొదటి ఎత్తయినా సరే. రాజుకి ఆట మొత్తం మీద ఒక్కసారి గుర్రంలా గెంతే హక్కు ఉంటుంది, అదీ ఒక్క చెక్ కూడా తినకుండా ఉంటేనే. బంటు అవతలి చివరికి చేరితే, మొదట్లో ఆ గడిలో ఎవరుంటారో వాళ్లవుతుంది. ఏనుగు గడికి చేరితే ఏనుగు, గుర్రం గడికి చేరితే గుర్రం. మంత్రి కావాలంటే మంత్రి వరసలోనే కష్టపడి నడవాలి.

"ఎవుల గుమ్మంలోకి ఎల్తే ఆ ఇంటి మనిసే అవుతావు," అని చెప్పేవాడు నాన్న. "గుర్రం గడిలోకి ఎల్లి నాను మంత్రినంటే ఎవుడొప్పుకుంటాడు?"

నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. ప్రపంచమంతా ఇలాగే ఆడుతుందనుకున్నాను. మా వీధిలో నాన్నతో ఆడే పోర్టు వాళ్లంతా ఇలాగే ఆడేవాళ్లు. హైస్కూలు దాటేసరికి వాళ్లలో నా చేతిలో ఓడనివాడు లేడు, నాన్న తప్ప. నాన్న మీద కూడా అప్పుడప్పుడూ గెలిచేదాన్ని. గెలిచిన రోజు ఆయన వీధి చివరిదాకా వెళ్లి, "బావా, మా గుంట ఈవేళ నన్ను కట్టీసింది," అని కనబడ్డవాడికల్లా చెప్పి వచ్చేవాడు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. ఆ మాట వినడానికి నేను ఎన్నిసార్లయినా ఆడగలను అనిపించేది.

డిగ్రీ కాలేజీలో చేరిన ఏడాది నోటీసు బోర్డు మీద చదరంగం పోటీ అని చూసి పేరిచ్చేశాను. ఆడపిల్లని నేనొక్కదాన్నే. నా ఎదురుగా పొడుగు కాలరు చొక్కా వేసుకున్న కుర్రాడు కూర్చున్నాడు. మొదటి ఎత్తులోనే వాడు బంటుని రెండు గళ్లు తోశాడు. దొంగాట ఆడుతున్నాడనుకుని వెంటనే చెయ్యెత్తి మాస్టారిని పిలిచాను. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చిన లెక్కల లెక్చరరు, ఆ పోటీ పెద్ద. "అలా కదపొచ్చమ్మాయ్, ఆడు," అన్నాడాయన. సరేలే, పట్నం వాళ్ల వేషాలు అనుకుని ఆడాను. కాసేపటికి అవతలివాడు నా మీద దాడి మొదలుపెట్టాడు. నేను దర్జాగా రాజుని ఎత్తి గుర్రంలా గెంతించి మూలకి చేర్చి, చేతులు కట్టుకు కూర్చున్నాను.

ఆ నవ్వు నాకిప్పటికీ వినిపిస్తుంది. పక్క బల్లల వాళ్లు కూడా లేచి వచ్చి చూశారు. "మీ రాజుకి రెక్కలున్నాయండీ," అన్నాడొకడు. మాస్టారు మాత్రం నవ్వలేదు. రాజుని ముట్టుకున్నావు కాబట్టి రాజునే కదపాలమ్మాయ్ అని మెల్లగా చెప్పాడు. కదిపాను. ఓడాను. ఆ తరవాత ఆయనే భోజనాల వేళ నన్ను కూర్చోబెట్టి, ఆటకి ప్రపంచమంతటా ఉన్న నియమాలు ఒకటొకటీ చెప్పాడు. బంటు అవతలి గట్టుకి ఎక్కడ చేరినా మంత్రిని తీసుకోవచ్చని విన్నప్పుడు, ఇంత సులువా అని నాకు కోపం వచ్చింది.

ఇంటికొచ్చి ఆ కోపమంతా నాన్న మీద చూపించాను. నువ్వు నేర్పింది అసలు ఆటే కాదు, ఊరందరి ముందు నా పరువు తీశావు అన్నాను. నాన్న పావులు పేర్చుకుని కూర్చుని ఉన్నాడు. నేనేదో నేరం చేసి వచ్చినట్టు ఎగాదిగా చూశాడు.

"రెండేసి గళ్లు దూకీసే బంటేటి? ఏ గడికెల్లినా మంత్రేటి? అది ఆటేటే? అప్పనంగా ఇచ్చీడవే," అన్నాడు.

"లోకమంతా అలాగే ఆడుతోంది."

"లోకం ఆడుకోనీ. మన ఇంట్లో ఇలాగే ఆడతాం."

"అయితే నేను ఆడను."

నాన్న ఒక్కొక్క పావూ గుడ్డసంచీలో వేసి మూతి బిగించాడు. ఆ సంచీ దూలం మేకుకి ఎక్కింది. రెండేళ్లు అక్కడే ఉంది. మా ఇద్దరిదీ ఒకటే రకం మొండితనం. ఆయన కొత్త ఆట నేర్చుకోడు, నేను పాత ఆట ఆడను. ఒకే గదిలో అన్నం తింటాం, రేడియో వింటాం, చదరంగం పేరెత్తం. మధ్యాహ్నం గుమ్మంలో ఖాళీ చాప మీద నాన్న కూర్చుని వీధి చూస్తూ ఉంటే నాకు లోపల పీకేది. అయినా మాట్లాడేదాన్ని కాదు.

"మీ అయ్యాకూతుళ్లు ఇద్దరికీ ఓ ముద్ద ఎక్కువ పెడతన్నాను, అందుకే ఈ పొగరు," అనేది అమ్మ.

మాస్టారి శిక్షణలో నేను బాగానే ఎదిగాను. ఊళ్లో ఆడపిల్లల పోటీ గెలిచాను, రాష్ట్రం పోటీలో పైకి వచ్చాను. ఒకరోజు మాస్టారు బస్సెక్కి మా ఇంటికే వచ్చాడు. కలకత్తాలో ఆడపిల్లల జాతీయ పోటీలకి నన్ను ఎంపిక చేశారట. రైలు ఖర్చులు వాళ్లే పెడతారు. అయితే ఆడపిల్ల వెంట ఇంటి మనిషి ఒకరు తోడు రావాలి, అది వాళ్ల షరతు. షరతు లేకపోయినా మా ఇంట్లో నన్ను ఒక్కదాన్నీ అంత దూరం పంపే ప్రశ్నే లేదు. అమ్మ మల్కాపురం దాటి వెళ్లిందంటే అది పుట్టింటికే. ఇంక మిగిలింది నాన్న.

"నాను రాను," అన్నాడు నాన్న.

మాస్టారు బతిమాలాడు. "ఒక్క పది రోజులు సెలవు పెట్టండి అన్నయ్యగారూ, అమ్మాయికి ఇలాంటి అవకాశం మళ్లీ మళ్లీ రాదు."

"పెళ్లికైతే పెడతాను, జొరమొస్తే పెడతాను. ఆ ఆట కోసం మాత్రం నాను సెలవెట్టను మాస్టారూ. ఏటీ అనుకోకండి. టీ తాగండి."

మాస్టారు టీ తాగి వెళ్లిపోయాడు. నేను దొడ్లో అరుగు మీద కూర్చుని ఏడ్చాను. నాన్న నన్ను ఆడపిల్లవి, వెళ్లకు అని ఉంటే కనీసం తిట్టుకోవడానికి ఓ దారి ఉండేది. ఆడపిల్లనైనందుకు ఆయన నన్ను ఎప్పుడూ ఏమీ వద్దనలేదు. తన ఆటని నేను ఛీ అన్నాను, అదీ ఆయన బాధ. అది నాకు తెలుసు. తెలిసిన కొద్దీ ఇంకా కోపం వచ్చేది.

అప్పట్లో స్టీల్ ప్లాంటు కట్టుబడి జరుగుతోంది. రష్యా నుంచి వచ్చిన ఇంజనీర్లు టౌన్‌షిప్‌లో కుటుంబాలతో ఉండేవాళ్లు. వాళ్లని చూడ్డానికో, మన దేశంలో ఇంకెక్కడో పోటీకి వచ్చి దారిలో ఆగాడో గానీ, వాళ్ల గ్రాండ్‌మాస్టర్ ఒకాయన వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం టౌన్‌షిప్ క్లబ్బులో ఒకేసారి అందరితో ఆడతాడు, నువ్వు తప్పకుండా రావాలి అని మాస్టారు కబురు చేశాడు. కలకత్తాకి పేర్లు ఖాయం చెయ్యడానికి ఇంకా వారం గడువుంది. 

"అంత దూరం ఒక్కదానివీ ఎల్లి సీకటడ్డాక ఎలాగొత్తావు?" అంది అమ్మ. నాన్న చొక్కా వేసుకున్నాడు. బస్సులో నా వెనక సీట్లో కూర్చున్నాడు. క్లబ్బు దగ్గర దిగాక, "నాను బయట సెట్టు కింద ఉంటాను, కానిచ్చుకుని రా," అన్నాడు.

హాల్లో బల్లలు గుర్రపునాడాలా వంపు తిప్పి వేశారు. మేమంతా బయటివైపు, ఆయనొక్కడూ లోపలివైపు. ఆయన ప్రతి బల్ల దగ్గరా ఆగి, ఒక ఎత్తు వేసి, పక్క బల్లకి వెళ్తాడు. ఆయన తిరిగి మన దగ్గరికి వచ్చేసరికి మన ఎత్తు సిద్ధంగా ఉండాలి, ఆయన ఎదుటే వెయ్యాలి. గ్రాండ్‌మాస్టర్ అంటే నేను సింహంలాంటి మనిషిని ఊహించుకున్నాను. వచ్చినాయన బట్టతల, కాస్త పొట్ట, వైజాగ్ ఉక్కకి ముఖం ఎర్రబడిపోయి, జేబురుమాలు మెడ చుట్టూ కట్టుకుని ఉన్నాడు. పకోడీలు మటుకు వద్దనకుండా తింటున్నాడు.

నా పక్క బల్లకి రావాల్సిన మనిషి రాలేదు. ఖాళీ కుర్చీ బాగోదని మాస్టారు బయటికి పరిగెత్తి, చెట్టు కింద నాన్నని పట్టుకొచ్చాడు. ఎలా ఒప్పించాడో తెలీదు. నాన్న వచ్చి నా పక్కన కూర్చుని, పావులు ఒకసారి సర్దుకుని, "నా పద్దతిలోనే ఆడతాను," అన్నాడు. పద్ధతి అంటే ఆట తీరు అనుకుని మాస్టారు సంతోషంగా తలూపాడు. నాకు మాత్రం అర్థమైంది.

"నాన్నా, రాజుని గెంతించకు. ఇక్కడ ఒప్పుకోరు," అన్నాను చెవిలో. రెండేళ్లలో చదరంగం గురించి నేను ఆయనతో అన్న మొదటి మాట అది.

"సిన్నపిల్లడినేటి నాను? నీ ఆట సూసుకో," అన్నాడు.

చూసుకున్నాను గానీ నా కళ్లు సగం పక్క బల్ల మీదే. నాన్న బంట్లు ఒక్కొక్క గడే కదుపుతున్నాడు. అది ఎవరికీ తప్పుగా కనిపించదు. ఏ నియమంలోనైనా ఒక గడి కదపొచ్చు. గ్రాండ్‌మాస్టర్ బంటుని రెండు గళ్లు తోసినప్పుడల్లా నాన్న మొహం చేదు మందు మింగినట్టు అయ్యేది. రాజుని మాత్రం గెంతించలేదు. నాకు ఊపిరి వచ్చింది. ఈలోగా నా ఆట నేను పోగొట్టుకున్నాను. గ్రాండ్‌మాస్టర్ నాకు చెయ్యి ఇచ్చి, తల కాస్త వంచి ముందుకి వెళ్లిపోయాడు. నాతో పాటు చాలామంది అప్పటికే ఓడి, లేచి, ఇంకా ఆడుతున్నవాళ్ల వెనక గుమిగూడారు. అలా చివరికి నాన్న వెనక జనం చేరారు.

ఎందుకంటే నాన్న బంటు ఒకటి కిందకి దిగుతోంది. అందరినీ తప్పించుకుని, ఒక్కొక్క గడే, ఎవరి కోసమో పూచిక పుల్ల మోసుకెళ్లే చీమలా దిగుతోంది. రాజు వైపు ఉన్న గుర్రం వరస అది. నాన్న మిగతా పావులు దెబ్బతిని ఉన్నాయి, అయినా ఆ బంటు చివరికి చేరి మంత్రి అయితే ఆ మంత్రి తెల్ల రాజుకి మళ్లీ మళ్లీ చెక్ ఇస్తూనే ఉండగలదు. ఆట డ్రా. గ్రాండ్‌మాస్టర్‌తో డ్రా! మాస్టారు నా భుజం పట్టుకుని నొక్కేస్తున్నాడు. వేలితో బల్ల వైపు చూపించబోయి, చెప్పకూడదని గుర్తొచ్చి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

గ్రాండ్‌మాస్టర్ వచ్చి నిలబడ్డాడు. నాన్న బంటుని చివరి గడిలోకి తోశాడు. దాన్ని తీసి పక్కన పెట్టాడు. చచ్చిన పావుల్లో వెతికి, ఒక గుర్రాన్ని తీసి ఆ గడిలో పెట్టాడు.

హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. నేనే అయ్యుంటాను. గ్రాండ్‌మాస్టర్ వంగి చూశాడు. ఇందులో ఏదో ఎత్తుగడ ఉందేమోనని చాలాసేపు చూశాడు. ఏమీ లేదు. అప్పుడాయన పక్కనున్న నల్ల మంత్రిని తీసి, అరచేతిలో పెట్టి, నాన్న ముందుకి చాపాడు. ఆయన వెంట దుబాసీగా ఒకమ్మాయి ఉంది, కృష్ణా జిల్లా వైపు మాట. "పొరపాటున పెట్టారేమో, మంత్రిని తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదంటున్నారండీ," అంది.

"పొరపాటేటమ్మా? అది గుర్రం గడి. అక్కడ గుర్రమే పుడతాది," అన్నాడు నాన్న.

ఆ అమ్మాయి దాన్ని రష్యన్‌లోకి మార్చడానికి తంటాలు పడింది. గ్రాండ్‌మాస్టర్ విన్నాడు. మంత్రిని తిరిగి పక్కన పెట్టేశాడు. ఆ తరవాత కొద్ది ఎత్తుల్లోనే నాన్న ఆట కట్టయిపోయింది. నాన్న లేచి దణ్ణం పెట్టాడు. నాకు ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది. హాల్లో వాళ్లంతా గ్రాండ్‌మాస్టర్‌ని కాదు, మమ్మల్ని చూస్తున్నారు.

"సేతికిచ్చాడు కదా నాన్నా! ఎందుకు తీసుకోలేదు?" అన్నాను. ఏడుపు ఆగలేదు, నా నోట్లోకి కూడా ఇంటి మాటే వచ్చేసింది.

"ఇచ్చాడని తీసీసుకుంటే మరింక ఇన్నాళ్లు నాను ఆడిందేటి?" అన్నాడు నాన్న. గొంతులో గర్వమేమీ లేదు. ఆయనకీ ఓటమి కష్టంగానే ఉంది.

ఆటలన్నీ అయ్యాక జనం సర్దుకుంటున్నారు. గ్రాండ్‌మాస్టర్ టీ గ్లాసు పట్టుకుని నేరుగా మా దగ్గరికి వచ్చి నాన్న ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. మీ ఆట నాకు నేర్పిస్తారా అని అడుగుతున్నారండీ, అంది దుబాసీ అమ్మాయి. నాన్న ఆమె వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. ఎగతాళి కాదని నమ్మకం కుదిరాక పావులు పేర్చాడు.

"సూడు బావా," అని మొదలుపెట్టాడు. ప్రపంచంలో పెద్దపెద్ద పోటీలు ఆడిన మనిషిని బావా అన్నాడు. దుబాసీ అమ్మాయి దాన్నేమని మార్చిందో నాకు తెలీదు, గ్రాండ్‌మాస్టర్ మాత్రం శ్రద్ధగా తలూపాడు. బంటుకి ఒక గడి. రాజుకి ఒక గెంతు, చెక్ తినకుండా ఉంటేనే. ఏ గడికి చేరితే ఆ గడి మనిషి. అంతే. ఆడదాం అన్నాడాయన.

ఈసారి నాన్న భుజాలు సర్దుకుని కూర్చున్నాడు. ఇది ఆయన రాజ్యం. ఎప్పుడూ చేసేదే చేశాడు, మొదట్లోనే రాజుని గెంతించి మూలకి చేర్చి గట్టిగా తలుపులేసుకున్నాడు. మా వీధిలో అందరూ చేసేది అదే. గెంతు పోతుందేమోనన్న భయంతో అందరూ ముందే వాడేసుకుంటారు. గ్రాండ్‌మాస్టర్ వాడుకోలేదు. ఆయన రాజు నడిమధ్యనే ఉండిపోయాడు. నాన్న రెండు ఏనుగుల్నీ తెచ్చి, మంత్రిని తెచ్చి, ఆ రాజు చుట్టూ వల పన్నాడు. ఇంక వచ్చే ఎత్తుకి ఆట కట్టు. నాన్న నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. గుమ్మంలో చాప మీద ఆడుకునే రోజుల్లో ఎగరేసినట్టే.

గ్రాండ్‌మాస్టర్ అప్పటిదాకా చెక్ తినని తన రాజుని ఎత్తాడు. సరేనా అన్నట్టు నాన్న మొహం చూశాడు. గుర్రంలా గెంతించాడు. వల మొత్తం ఖాళీగా మిగిలిపోయింది. అటు వైపు నుంచి ఆయన బంటు ఒకటి ఏనుగు గడికి చేరింది. ఆయన పెట్టెలోంచి ఏనుగుని తీసి, అదే కదా అని పిల్లవాడిలా చూపించి, నాన్న తలూపాకే గడిలో పెట్టాడు. ఇంక ఎంతోసేపు పట్టలేదు.

నాన్న బల్ల వంక చూశాడు. తరవాత నవ్వాడు. అంత నవ్వు నేను ఆయన దగ్గర రెండేళ్లుగా చూడలేదు. "మన ఆటలో మనల్నే కట్టీసాడే!" అన్నాడు నాతో. "తాత బతికుంటే ఈడికి పొలం కూడా ఇచ్చీసును."

గ్రాండ్‌మాస్టర్ ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. దుబాసీ అమ్మాయి ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆయనది ఎక్కడో మారుమూల రైలు ఊరట. వాళ్ల పెరళ్లలో కూడా సొంత నియమం ఒకటుండేదట, మొదటి ఎత్తులో రెండు బంట్లని ఒకేసారి కదిపేవాళ్లట. చిన్నప్పుడు పెద్ద పట్నం పోటీకి వెళ్లి అదే చేశాడట. హాలంతా నవ్విందట. నేను నాన్న వైపు చూడలేకపోయాను. నాన్న కూడా నా వైపు చూడలేదు. నా రాజు గెంతిన రోజు నవ్వారని ఆయనకి చెప్పాను గానీ, ఎంత నవ్వారో ఆయన అప్పటిదాకా ఊహించుకోలేదనుకుంటాను.

"అడగమ్మా," అన్నాడు నాన్న దుబాసీతో. "అప్పుడు ఈ బావకి తోడెవులొచ్చారో అడుగు."

ఆమె అడిగింది. గ్రాండ్‌మాస్టర్ టీ గ్లాసు కింద పెట్టి ఒక్క మాట అన్నాడు.

"ఎవరూ రాలేదంటున్నారండీ," అంది.

బస్సులో నాన్న ఈసారి నా పక్కనే కూర్చున్నాడు. గాజువాక దాటాక, "కలకత్తాలో సలెక్కువుంటాదేటి?" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను, లేకపోతే బస్సులో అందరి ముందూ ఏడ్చేసేదాన్ని.

వాల్తేరు స్టేషన్లో రైలెక్కిన రోజున నాన్న పెళ్లికి వెళ్లేవాడిలా తయారయ్యాడు. అమ్మ పులిహోర, జంతికలు కట్టి ఇచ్చి, "ఇద్దరూ రైల్లో దెబ్బలాడుకోకండి," అని చెప్పింది. కలకత్తాలో ఆట జరిగిన రోజులన్నీ నాన్న హాలు బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ద్వారం దగ్గర నిలబడి చూడ్డానికి ఇంటివాళ్లకి అనుమతి ఉండేది. నేను గెలిచిన రోజూ ఓడిన రోజూ ఆయన అడిగింది ఒకటే, ఆకలేస్తందా అని.

చివరి రోజుకి నేను అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉన్నాను. ఆ ఆట గెలిస్తే వచ్చే ఏడాది నేరుగా మళ్లీ రావచ్చు. ఓడితే మొదటి మెట్టు నుంచి మొదలు. ఎదుటమ్మాయి నాకంటే గట్టిది. ఆట సాగి సాగి, చివరికి నా బంటు ఒకటి పరుగు తీసింది. ఏ వరసలో పరిగెడుతోందో కాసేపటికి గానీ నాకు తట్టలేదు. గుర్రం వరస.

తలెత్తి చూశాను. నాన్న ద్వారం దగ్గరే ఉన్నాడు. ఆయనకీ కనిపించింది. కొత్త ఆట రాదు అంటూనే ఆ పది రోజుల్లో ఆయన అంతా నేర్చేసుకున్నాడు, మంత్రిని పెడితేనే గెలుపని ఆయనకి తెలుసు. నన్నొకసారి చూశాడు. తరవాత మెల్లగా వెనక్కి తిరిగి, గోడ వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. నేను ఆ గడిలో ఏం పెడతానో ఆయన చూడకుండా ఉండడానికి. నాకు ఆ క్షణంలో నాన్న మీద కలిగిన ప్రేమ ఇంతని చెప్పలేను. ఆయన చొక్కా వీపున చెమట మరక చూస్తూ నేను మంత్రిని పెట్టాను. ఎదుటమ్మాయి చెయ్యి ఇచ్చింది.

వరండాలోకి వచ్చాక అడిగాడు. "ఏటి పెట్టినావు?"

"మంత్రిని."

"మంచి పని సేసినావు," అన్నాడు. "పద, ఆకలేస్తంది."

తిరుగు రైల్లో బరంపురం దాటాక, నాన్న సంచీ అడుగు నుంచి గుడ్డమూట ఒకటి తీశాడు. మూతి విప్పితే లక్క పావులు. నాకు తెలీకుండా మేకు మీంచి దించి వెంట తెచ్చుకున్నాడు. పెట్టెమూత తేలేదు. నా ఓణీ పరిచి దాని మీద సుద్దముక్కతో గళ్లు గీశాడు. నేను నోరెత్తకుండా పసుపు పావుల వెనక కూర్చున్నాను.

బాగా ఆడాను. పట్టుగా ఆడాను. రాజుని ముందే గెంతించి మూలకి చేర్చుకున్నాను. నా బంటు గుర్రం గడికి చేరినప్పుడు, వంకర మెడ గుర్రాన్ని ఎత్తి అక్కడ పెట్టాను. నాన్న బీడీ వెలిగించుకోవడానికి అగ్గిపుల్ల రెండుసార్లు గీశాడు. ఆ గుర్రంతోనే నేను ఆయన రాజుని మూసేశాను. వచ్చే ఎత్తుకి కట్టు. మా గుంట నన్ను కట్టీసింది అని వీధంతా చెప్పుకోవాలని తలెత్తి ఆయన మొహం చూశాను.

నాన్న రాజుని ఎత్తాడు. అది అప్పటిదాకా కదల్లేదు. ఒక్క చెక్ కూడా తినలేదు. తాత నేర్పిన నాటి నుంచీ ఎప్పుడూ మొదట్లోనే గెంతించేసే మనిషి, ఆ రోజు గెంతుని చివరిదాకా దాచుకున్నాడు. గుర్రంలా గెంతించి నా వల దాటేశాడు.

"రష్యా బావ నేర్పినాడు," అన్నాడు.